తెడ్ల వారి ఆడపడుచులు

తెనాలి,
జూన్ 9.

వీరబ్రహ్మం గారికి లిడియా వందనాలు.

మీరు నన్నెరగరు. తెనాలి మార్కెట్ వెనక వీధిలో కళ్ళజోళ్ళ షాపు మాది. పాస్టరు ఫ్రాన్సిస్ గారు మీ పేరు చెప్పారు. చర్చి ఆఫీసు కంప్యూటరుకి అందరూ ప్రార్థన చేసి వదిలేస్తే మీరు నాలుగు వేలతో లేపి కూర్చోబెట్టారట. మీరు ఫోన్లో దాని జబ్బు వినరనీ, కాగితం మీద రాసి మిషన్‌తో పాటు పెట్టెలో పెట్టి కార్గోలో వెయ్యాలనీ చెప్పారు. ఇదేం చాదస్తమండీ! సరే, అవసరం నాది, రాస్తున్నాను.

మా నాన్న తోమాసు గారు ముప్పై ఏళ్ళు కళ్ళు పరీక్ష చేసి జోళ్ళు ఇచ్చారు. 1997లో ఎవరో కుర్రాడి చేత ఫాక్స్‌ప్రోలో ఒక డేటాబేస్ రాయించుకున్నారు. ఇవాళ్టికి అందులో నలభై ఒక్క వేల మంది ఉన్నారు. ఎవరికి ఎప్పుడు ఏ నంబరు అద్దం ఇచ్చామో అంతా అందులోనే. జోడు పగిలినవాడు వచ్చి "పాతదే వెయ్యమ్మా" అంటే నేను దానివైపే చూడాలి. నాన్న పోయి మూడేళ్ళయింది.

ఇక జబ్బు. పొద్దున స్విచ్ వేసి ఇడ్లీ తిని వస్తే అప్పుడు తెరుచుకుంటుంది. పేరు కొట్టి వెతకమంటే టీ తాగి రావచ్చు. వారం నుంచి లోపల టక్కు టక్కుమని చప్పుడు. గుంటూరు నుంచి ఒక కంపెనీ అతను వచ్చాడు. మూడు లక్షల నలభై వేలట, పైన ఏడాదికోసారి కట్టాలట, పాత డేటా మాత్రం రాదట. "కొత్తగా మొదలుపెట్టండి మేడం" అన్నాడు. నలభై ఒక్క వేల మందిని మళ్ళీ పుట్టించమంటాడా?

నా దగ్గర ఇరవై వేలున్నాయి. మా నాన్న పనంతా ఆ డబ్బాలోనే ఉంది. అది పోకుండా చూడండి, అంతకన్నా ఏమీ అడగను.

లిడియా

*

రేపల్లె,
జూన్ 17.

లిడియమ్మ గారికి నమస్కారాలు.

చాదస్తం సంగతి ముందు చెప్తాను. ఫోన్లో అందరూ ఒకే మాటంటారు: "సార్, హ్యాంగవుతోంది." కాగితం ముందు కూర్చుంటే మీలాగే టక్కు టక్కు దాకా రాస్తారు. ఆ రెండు ముక్కలతోనే సగం పని అయిపోయింది. హార్డ్ డిస్కు చావుబతుకుల్లో ఉంది. అందుకని ముందు డేటాకి రెండు కాపీలు తీశాను. మీరింకో వారం ఆలస్యం చేసి ఉంటే నేను కూడా ఫ్రాన్సిస్ గారి ప్రార్థనలో కూర్చోవాల్సి వచ్చేది.

కొత్త మిషన్ అక్కర్లేదు. పెద్ద ఆఫీసుల్లో తీసేసిన సెకండ్‌హ్యాండ్ మిషన్లు హైదరాబాదు నుంచి వస్తాయి, తొమ్మిది వేలు. అందులో ఎస్సెస్‌డీ వేస్తాను, రెండు వేలు. అది మీ పాత డిస్కులాగా తిరగదు, చప్పుడు చెయ్యదు. ర్యామ్ రెట్టింపు చేస్తాను. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ. కాపీ దాచుకోడానికి బయటి డిస్కులు రెండు, ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. లినక్స్, పోస్ట్‌గ్రెస్ అని లోపల వేసే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. అంతా కలిపి పదిహేడు వేలు. మీ మూడు వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఒక చెడ్డ కబురు. మీ దాంట్లో ‘గమనిక’ అని ఒక గడి ఉంది. దాని నిండా చెత్త. గీతలూ, డాలరు గుర్తులూ, పిచ్చి అక్షరాలూ. పూర్తిగా కుళ్ళిపోయింది. కొత్తదాంట్లోకి దాన్ని ఎక్కించలేదు. బరువు సగానికి సగం తగ్గింది.

వారం ఆలస్యానికి క్షమించండి. పక్కనుంచి వచ్చిన స్కూటరు కనబడక గుద్దుకున్నాను, మోకాలు వాచింది. ఈ కుర్రకారు హారన్ కూడా కొట్టరు.

వీరబ్రహ్మం

*

తెనాలి,
జూన్ 20.

వీరబ్రహ్మం గారూ,

మీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. చెత్త అంటారా! అది మా నాన్నండీ!

ఆ గడిలో ఆయన తెలుగులో కొట్టేవారు. ఆ రోజుల్లో ఏదో ఫాంటు కొనుక్కొచ్చి వేయించుకున్నారు. ఆ ఫాంటు లేని మిషన్‌లో చూస్తే పిచ్చి గీతలు కాక ఏం కనబడతాయి?

ఏం రాసేవారో వినండి. ఆడమనిషి వస్తే ముందు పుట్టిల్లు అడిగేవారు. నవ్వేవాళ్ళు, "నంబరుకి పుట్టింటితో ఏంటండీ పని?" అని. "పెళ్ళయితే ఇంటిపేరు మారుద్దమ్మా, ఊరు మారుద్ది. కళ్ళు పుట్టింటినుంచి తెచ్చుకున్నవే కదా" అనేవారు. అడిగి, ‘ఫలానా వారి ఆడపడుచు’ అని రాసి, కంట్లో ఏం చూశారో కింద రెండు ముక్కలు రాసేవారు. ఆయన డాక్టరు కాదు. తెలియనిది తెలియదని రాసి డాక్టరు దగ్గరికి పంపేవారు.

మొదట్లో అన్నీ అట్ట కార్డుల మీద రాసి తరవాత ఎక్కించారు. ఆ కార్డులు కొన్ని మిగిలాయి. నలభై పంపుతున్నాను. మీ చెత్తనీ వీటినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఆ గడి రాకపోతే మిషన్ తిరిగి పంపొద్దు.

లిడియా

*

రేపల్లె,
జులై 14.

లిడియమ్మ గారూ,

చెంపలు వేసుకున్నాను. మీరన్నదే నిజం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత తప్పు చెయ్యలేదు. పాత కాపీలో ఆ గడి భద్రంగానే ఉంది, భయపడకండి.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. కార్డు మీద ‘క’ ఉన్నచోట మిషన్‌లో ఏ గుర్తుంది, ‘కి’ ఉన్నచోట ఏముంది, ఒత్తులకేంటి అని ఒక పట్టిక వేస్తున్నాను. అది పూర్తయితే మిషనే మొత్తం మార్చుకుంటుంది. మీ నాన్నగారి చేతిరాత ముత్యాలండి.

ఇరవై కార్డులకి నేను కొట్టిన నకలు పంపుతున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దండి.

వీరబ్రహ్మం

*

తెనాలి,
జులై 18.

వీరబ్రహ్మం గారికి,

నకళ్ళు దిద్దాను. తప్పులు తక్కువే. కానీ ఒకటి చూసి నాకు మనసు మనసులో లేదు.

కార్డు కుడి చివర రాసిన మాటలు మీరు వదిలేశారు. ఒక్కటి కాదు, ఇరవైలో తొమ్మిది కార్డుల్లో. అక్షరాలు తెలియకపోతే ఎక్కడైనా తప్పొస్తుంది. ఎప్పుడూ ఒకే పక్కన ఎందుకు వస్తుందండీ? జూన్ ఉత్తరంలో స్కూటరు పక్కనుంచి వచ్చిందన్నారు. ఏ పక్క నుంచి?

కళ్ళజోళ్ళదాన్ని, నాకు ఇదే ధ్యాస అనుకోండి. అయినా అడుగుతున్నాను. మీ కళ్ళు ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?

లిడియా

*

రేపల్లె,
ఆగస్టు 1.

లిడియమ్మ గారూ,

అయిపోయింది! ఎలా రాయాలో తెలియడం లేదు.

నిన్న పొద్దున పట్టిక పూర్తి చేసి, స్వామీ అని దణ్ణం పెట్టుకుని మీట నొక్కాను. తెర మీద అంతా గీతలు, డాలర్లు. పై వరస నుంచి ఒక్కొక్కటే తెలుగైపోవడం మొదలుపెట్టింది. చీర ఉతికితే మరక వదిలినట్టు గుర్తులన్నీ వదిలిపోతున్నాయి, కింద పేర్లు తేలుతున్నాయి. చేబ్రోలు, కాకుమాను, సంగం జాగర్లమూడి, నిజాంపట్నం. ఫలానా వారి ఆడపడుచు, ఫలానా వారి ఆడపడుచు... నలభై ఒక్క వేల మందికి యాభై సెకన్లు పట్టింది. నేను లేచి నిలబడ్డాను. రెండు వేల రూపాయల ఎస్సెస్‌డీ ముక్క, అగ్గిపెట్టెకన్నా పలచనిది, దాని మీద మూడు జిల్లాల ఆడవాళ్ళ పుట్టిళ్ళన్నీ ఉన్నాయండీ. మా ఆవిడ వచ్చి "ఏంటి, ఏడుస్తున్నావా?" అంది. దుమ్ము పడిందన్నాను.

మా అమ్మ కూడా మీ నాన్నగారి దగ్గరికి వచ్చిందండోయ్. పేరంటాలు.

నా కళ్ళకేం, దివ్యంగా ఉన్నాయి. మిషన్ కార్గోలో వేశాను.

వీరబ్రహ్మం

*

తెనాలి,
ఆగస్టు 7.

అన్నయ్యా,

ఇక గారూ గీరూ వద్దు, అన్నయ్యా అనే పిలుస్తాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

స్విచ్ వేసి కుర్చీలో కూర్చునేలోపే తెరుచుకుంది. పాడైందేమోనని కంగారు పడ్డాను! నాన్న పేరు కొట్టాను, కొట్టడం పూర్తి కాకముందే వచ్చేసింది. పొద్దుటినుంచి తెలిసినవాళ్ళ పేర్లన్నీ కొట్టి చూస్తూనే ఉన్నాను. మనిషి కొట్టు ముందు చెప్పులు విప్పుతుండగానే ఆయన ఇరవై ఏళ్ళ నంబర్లన్నీ నా కళ్ళముందుంటున్నాయి. ప్రభువా, ఇది ఇంత చవగ్గా దొరుకుతుందని తెలియక ఎన్నేళ్ళు టీలు తాగానో!

తరవాత మీ అమ్మగారి పేరు కొట్టాను. మీరు నాకు చెప్పనిది అక్కడుంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

‘2004 మార్చి. పేరంటాలు, భర్త సింగయ్య, రేపల్లె. తెడ్ల వారి ఆడపడుచు. రెండు కళ్ళకీ పక్కచూపు లేదు. నీటికాసులని అనుమానం. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. వెంట వచ్చిన కొడుకుని కూడా చూపించుకోమన్నాను. కొడుకు నవ్వాడు.’

ఆ కొడుకు మీరే కదా?

నేను అక్కడితో ఆగలేదు. గమనికల్లో ‘తెడ్ల వారి’ అని ఎక్కడెక్కడుందో వెతకమన్నాను. పాత మిషన్‌లో గమనికల్లో వెతకడానికే వీల్లేదు. ఇది రెప్పపాటులో పదకొండు మందిని తెచ్చి వరసగా నిలబెట్టింది. రేపల్లె వైపు ఐదుగురు, బాపట్ల వైపు నలుగురు, తెనాలిలో ఇద్దరు. పదకొండు మందికీ వేరే వేరే ఇంటిపేర్లు. తొమ్మిది మంది కింద నాన్న ఒకే మాట రాశారు: పక్కచూపు తక్కువ, దీపం చుట్టూ రంగులు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కొక్కరినీ విడివిడిగా చూశారు. అందర్నీ ఒక్కచోట చూసే భాగ్యం ఆయనకి లేకపోయింది. షట్టరు సగం దించి కూర్చుండిపోయాను.

నీటికాసులంటే గ్లాకోమా, ఇది రక్తంలో వస్తుంది అన్నయ్యా. నొప్పి ఉండదు, మంట ఉండదు. పక్కల నుంచి తినుకుంటూ వస్తుంది. పోయింది తిరిగి రాదు. మిగిలింది మాత్రం చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు. బాపట్లలో దుర్గాంబ గారని కంటి డాక్టరు, ఆవిడ దగ్గర పక్కచూపు పరీక్ష ఉంది. నాన్న మాట నవ్వి వదిలేశారు, చెల్లెలి మాటైనా విని ఈ గురువారమే వెళ్ళండి.

లిడియా

*

రేపల్లె,
ఆగస్టు 12.

లిడియా గారికి,

అవును, ఆ కొడుకుని నేనే. నవ్వాను. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు, చీకట్లో స్క్రూ బిగించేవాణ్ణి.

మా అమ్మ చూపు పోవడానికి కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న పడవ తుఫానులో చిక్కుకుంటే గంగమ్మకి మొక్కుకుంది. ఆయన తిరిగొచ్చాడు గానీ ఆ ఏడు చేతిలో పైసా లేక మొక్కు తీర్చలేదు. ఆ తరవాత ఏటా తీర్చింది. గుడ్డిదై కూడా తడుముకుంటూ వెళ్ళి తీర్చింది. చూపు రాలేదు.

నాది వేరు. నాకు చత్వారం, అంతే. రేపల్లెలో ఈ వీధిలో రిపేరు షాపులు నాలుగున్నాయి. వీరబ్రహ్మానికి కళ్ళు కనపడవట అని ఒక్కడు అన్నాడంటే నా చేతికి మిషన్ ఎవరిస్తారు? చూపించుకుంటేనే కదా జబ్బు. దయచేసి ఈ విషయం మళ్ళీ ఎత్తకండి.

మీ పని పూర్తయింది. యూపీఎస్ దగ్గర నీళ్ళ బాటిలు పెట్టకండి.

వీరబ్రహ్మం

*

తెనాలి,
ఆగస్టు 20.

అన్నయ్యా,

మిషన్ తెరుచుకోవడం లేదు. తెర నల్లగా ఉంది. పెట్టెలో పెట్టి పంపడానికి నాకు ధైర్యం చాలదు. మీరే రావాలి. గురువారం పొద్దున పాసింజరుకి రండి.

లిడియా

*

బాపట్ల,
ఆగస్టు 29.

లిడియమ్మకి,

ప్రభువుని నమ్ముకున్న మనిషివి, అంత అబద్ధం ఎలా ఆడావమ్మా? వెనక తీగ పీకేసి తెర నల్లగా ఉందంటావా? నేను తీగ పెట్టి తల ఎత్తేసరికి వాకిట్లో ఆటో. అందులో మా అమ్మాయి పుష్పలత. బాపట్ల బళ్ళో పాఠాలు చెప్పడం మానుకుని వచ్చి కూర్చుంది. మీరిద్దరూ ఎప్పుడు కలిశారో, దాని ఫోన్ నంబరు ఎక్కడ సంపాదించావో! దారి పొడుగునా నేను దాంతో మాట్లాడలేదు. అదీ నాతో మాట్లాడలేదు.

దుర్గాంబ గారి దగ్గర తెల్లటి గిన్నెలాంటి మిషన్ ఉంది. గడ్డం ఆనించి మధ్యలో చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు చుక్క వస్తుంది, కనబడితే మీట నొక్కాలి. నేను నాలుగు నొక్కాను, ఐదు నొక్కాను. ఆ తరవాత ఎంతసేపు చూసినా చుక్క రాదు. మిషన్లవాణ్ణి కదా, నాకు అనుమానమొచ్చింది. "ఏంటమ్మా, చుక్కలు వెయ్యట్లేదు, చెడిపోయిందా? తీగ చూడమంటారా?" అన్నాను.

"వేస్తూనే ఉన్నానండి" అంది ఆవిడ మెల్లగా.

నేను మీట మీదినుంచి వేలు తీసేశాను, చెల్లెమ్మా.

కాగితం తీసి చూపించింది. నా కుడికన్ను సగానికి పైగా నలుపు. ఎడమకన్ను పావు. నా మటుకు నాకు లోకమంతా నిండుగానే కనబడుతోంది, ఎక్కడా నలుపు లేదు! లేనిచోట ఉన్నట్టు మనసే నింపేసుకుంటుందట. నాలుగేళ్ళుగా నేను సగం లోకంలో తిరుగుతూ స్కూటర్లవాళ్ళని తిట్టాను. ఆ కాగితం చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. భయం కాదు, ఏదో పెద్ద సంద్రం ముందు నిలబెట్టినట్టుంది.

ఇంకో రెండేళ్ళు నవ్వుతూ తిరిగి ఉంటే మా అమ్మలాగే తడుముకునేవాణ్ణి అంది డాక్టరమ్మ. ఇప్పుడు రోజూ రెండుపూటలా చుక్కలు. ఉన్నది నిలబడుతుందట.

నీ మీద కోపం లేదు. కొంచెం ఉంది. పుష్పలత ఇంట్లోనే ఉన్నాను.

మిగతా పది మంది సంగతేంటి? అడ్రసులు పంపు. రేవుల్లో ఏ ఇల్లు ఎవరిదో నాకు తెలుసు.

నీ అన్నయ్య
వీరబ్రహ్మం

*

తెనాలి,
సెప్టెంబరు 5.

అన్నయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అబద్ధానికి ఆదివారం చర్చిలో క్షమాపణ అడిగాను. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ ఆడతానని కూడా అక్కడే చెప్పాను.

జాబితా, ఇంటింటికీ ఇవ్వాల్సిన ఉత్తరాలు పెట్టెలో పెట్టి కార్గోలో వేశాను. పదకొండులో మీ అమ్మగారితో కలిపి నలుగురు పోయారని తేలింది. వాళ్ళకి పిల్లలున్నారు, మనవలున్నారు. ఇంటింటికీ ఒక ఉత్తరం మిషన్‌తోనే తెలుగులో అచ్చేయించాను. అమ్మ ఏ ఇంటి ఆడపడుచో, నాన్న ఆవిడ కంట్లో ఏం చూశారో, ఇప్పుడు ఎందుకు రమ్మంటున్నామో, అన్నీ అందులో ఉన్నాయి. దుర్గాంబ గారు నవంబరు రెండో ఆదివారం బాపట్ల చర్చి హాల్లో అందరికీ ఊరికే చూస్తానన్నారు.

ఉత్తరం ఇచ్చి వచ్చెయ్యకండి. మీరు నవ్విన సంగతి చెప్పండి. అది చెప్తేనే వస్తారు.

లిడియా

*

బాపట్ల,
నవంబరు 10.

చెల్లెమ్మా,

నిన్ననే నీకు ఈ జ్వరం రావాలా! కీళ్ళనొప్పులు తగ్గాక తీరుబడిగా చదువుకో. ఏదీ వదలకుండా రాస్తున్నాను.

ఇరవై మంది వస్తే గొప్పనుకున్నాను. ముప్పై నాలుగు మంది వచ్చారు. ఆటోల్లో, బస్సుల్లో, ఒక కుటుంబమైతే చేపల వ్యానులో దిగింది. ఒకళ్ళకొకళ్ళు తెలియదు. హాల్లో బెంచీల మీద ఎవరి మూల వాళ్ళు కూర్చున్నారు. కాసేపటికి లక్ష్మీతిరుపతమ్మ అని నిజాంపట్నం ఆవిడ ఎదుటి బెంచీ ఆవిణ్ణి తేరిపార చూసి "ఏమ్మా, నీ గడ్డం అచ్చం మా పిన్ని గడ్డమే, ఎవరమ్మాయివి?" అంది. ఇక చూడు! బెంచీలన్నీ కలిసిపోయాయి. వావివరసలు తేల్చుకోవడంలో పడి పరీక్షకి పిలిస్తే లేచేవాళ్ళు లేరు. నేను ఆ గోల మధ్యలో నిలబడి చూశాను. గడిలో వరసగా చూసిన పేర్లే ఇలా చీరలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ఎదురుగా మాట్లాడుతున్నాయి.

తొమ్మిది మందికి ఉంది. అందులో ఆరుగురికి ఉందని నిన్నటి దాకా తెలియదు.

ఆ ఆరుగురిలో మా పుష్పలత ఒకతె. దాని పేరు చదివినప్పుడు నేను గోడ పట్టుకున్నాను. డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చి "కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉందండి. కానీ చూపు ఏమీ పోలేదు, చుక్క కూడా పోలేదు. ఇంత ముందు ఎవరూ రారు" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. చుక్కల మందు వేసుకుంటూ ముసలిదయ్యేదాకా చూస్తుంది. అదే నా వీపు నిమిరింది.

ఇంకొకటుంది, అది నీకు చెప్పాలనే ఇంత రాశాను.

రేవు నుంచి పుల్లమ్మ అని ఒకావిడ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. రెండు కళ్ళూ పోయి పదిహేనేళ్ళయింది, ఆవిడకి చేసేదేం లేదు. మనవల్ని తీసుకొచ్చింది, అంతే. అందరి సంగతీ అయ్యాక నన్ను పిలిపించుకుంది. "అయ్యా, నువ్వు తెచ్చిచ్చిన ఆ ఉత్తరం మళ్ళీ చదువు" అంది. చదివాను. ఇది ఇంటి రక్తంలోనే ఉందనీ, అక్కకీ చెల్లికీ, తాతకీ మనవడికీ వస్తుందనీ.

"అంటే నేను కడుపులో పడ్డప్పటినుంచే ఉందా?"

"ఉందమ్మా."

"మా ఆయన పోయిన ఏడే నా కళ్ళు పోయాయి. మొగుణ్ణి తిన్నదని కళ్ళు పోయాయన్నారయ్యా మా వాళ్ళు. పదిహేనేళ్ళు నేనూ అదే అనుకున్నా. అయితే నేనేం చెయ్యలేదన్నమాట."

"నువ్వేం చెయ్యలేదమ్మా" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మీ అమ్మకి చెప్పావా ఈ మాట?" అని అడిగింది.

మా అమ్మ పోయి పదకొండేళ్ళయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు, చెల్లెమ్మా. చెప్పానమ్మా అన్నాను.

వీరబ్రహ్మం